నాలుగు మేకల పరీక్ష

ఎర్రబోరు,
18 జూన్ 2024

నవీనకు మామ రామనర్సయ్య తెలియజేసేది ఏమిటంటే, ఇకమీదట నాకు ఫోన్ చెయ్యకు.

కారణం చెప్తాను, కాగితం విసిరెయ్యకుండా చదువు. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు. కుడిది కూడా అదే దారిలో ఉంది. అందుకని స్పీకర్‌లో పెట్టి మాట్లాడతాను. మొన్న సంత నాడు నువ్వు ఫోన్ చేసినప్పుడు దుకాణం ముందు పదిహేను మంది ఉన్నారు. "మామా, నీ కార్జంలో ఉన్నది పురుగు తిత్తి, కుక్కల నుంచి వచ్చింది" అని గొంతు చించుకున్నావు. పదిహేను మందీ ముందు నా పొట్ట వైపు చూశారు. తర్వాత కొక్కేనికి వేలాడుతున్న మేక కార్జం వైపు చూశారు. ఆ రోజు కార్జం అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. మంగి చింతపండు గంప దించి మరీ వచ్చి, "ఏంది నర్సన్నా, నీ కడుపుల కుక్క ఉన్నదంట గదా?" అంది. ముప్పై నాలుగేళ్ల దుకాణం. కాబట్టి చెప్పాల్సింది ఉంటే ఉత్తరం రాయి. ఉత్తరానికి స్పీకర్ ఉండదు.

ఇక భద్రాచలం డాక్టరు సంగతి. సోనోగ్రఫీ కాగితం నువ్వు చూశావు కదా. తిత్తి మారేడు కాయంత ఉందట. నెల రోజులు పురుగు మాత్రలు మింగి, జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పోయి కోయించుకోమన్నాడు. నేను సరేనని తల ఊపి వచ్చేశాను. ఇంట్లో మందు తయారు చేసే పిల్లను పెట్టుకొని పొట్ట కోయించుకునేవాడు ఎవడైనా ఉంటాడా? ఏప్రిల్‌లో వచ్చినప్పుడు నువ్వే చెప్పావు, మీ లాబ్‌లో ఈ పురుగు మీదే మందు పరీక్ష చేస్తున్నారని, ఎలుకల్లో తిత్తులు తగ్గాయని. ఆ మాట ఎర్రబోరు అంతా చెప్పాను. కొంటాలో కూడా చెప్పాను. ఆ మందు వచ్చేదాకా ఆగుతాను. నేను కత్తి పట్టేవాణ్ణి, దాని కింద పడుకునేవాణ్ణి కాదు.

మీ అత్త సమ్మక్క నిన్ను తిని పడుకోమంటోంది. నువ్వు ఎప్పుడు తింటావో, ఎప్పుడు పడుకుంటావో ఆమెకు ఎలా తెలుస్తుందో నాకు తెలియదు.

మామ

*

పుణె,
27 జూన్ 2024

మామా,

నమస్కారం చివర్లో పెడతాను. ముందు కోపం.

ఏప్రిల్‌లో నేను చెప్పింది పద్నాలుగు ఎలుకల గురించి. ఒక్కోదాన్ని తూచి, బరువును బట్టి లెక్క కట్టి, రోజూ మందిచ్చాం. మూడు నెలలు ఇచ్చాం. మందివ్వని ఇంకో పద్నాలుగు ఎలుకలతో పోల్చి చూస్తే తిత్తులు మూడో వంతు తగ్గాయి. మూడో వంతు, మామా. మిగతా రెండు వంతులూ అక్కడే ఉన్నాయి. నేను సంబరంగా చెప్పిన మాటను నువ్వు సంతలో దండోరా వేస్తావని తెలిస్తే నోరు కుట్టేసుకునేదాన్ని. ఎలుక దగ్గర నుంచి మనిషి దాకా రావడానికి పదేళ్లు పట్టొచ్చు. అసలు రాకనే పోవచ్చు.

పైగా అది కొత్త మందేమీ కాదు. కిడ్నీ మార్పించుకున్నవాళ్లు వేసుకునేది. వేరేవాళ్ల కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఒంటి కాపలాను నిద్రపుచ్చుతుంది. ఆ మందే ఈ పురుగు పెరగడానికి కూడా అడ్డం పడుతున్నట్టుంది. ఎందుకు, ఎంతవరకు అన్నది తెలుసుకోవడమే మా పని. కాపలా నిద్రపోతే మలేరియాకూ టీబీకీ తలుపు తీసినట్టే. వానాకాలంలో మన వైపు ఆ మందు వేసుకోవడమంటే ఏమిటో నేను వేరే చెప్పాలా?

నీ తిత్తికి మందు కాదు, ఆపరేషనే దారి. ఇంకో మాట, మేకల్ని భుజానికి ఎత్తుకోవద్దు. ఒక్క తన్ను తగిలి ఆ తిత్తి పగిలితే లోపలి నీళ్లు పొట్టంతా పరుచుకుంటాయి, మనిషి నిమిషాల్లో కుప్పకూలిపోవచ్చు. బెదిరించడానికి రాయడం లేదు. బెదిరి రాస్తున్నాను.

నువ్వు అడగలేదు కానీ చెప్తున్నాను, అది ఎక్కడి నుంచి వచ్చిందో. నీటి తిత్తులున్న కార్జం నువ్వు కుక్కకు వేస్తావు కదా. తిత్తిలో పురుగు పిల్లలుంటాయి, అవి కుక్క పేగుల్లో పెద్దవవుతాయి. వాటి గుడ్లు కుక్క దొడ్డికి పోయిన చోట పడతాయి, దాని బొచ్చుకు అంటుకుంటాయి. నువ్వు మన కుక్క రాజు గాడి తల నిమిరిన చేత్తోనే బువ్వ తింటావు. ఆపెయ్యి, ఇవాళే.

జగదల్‌పూర్ తేదీ రాయి. నమస్కారం.

నవీన

*

ఎర్రబోరు,
8 జూలై 2024

నాకు నా పనే నేర్పుతున్న మేనకోడలికి,

నీటి తిత్తి ఉన్న కార్జం నా దుకాణంలో ఒక్క తునక అమ్మింది లేదు. వేరేవాళ్లు ఏం చేస్తారో తెలుసా? తిత్తిని పొడిచి, నీళ్లు పిండి, కడిగి తక్కెట్లో వేస్తారు. మా నాన్న నాకు నేర్పిన మొదటి నియమం, తిత్తి కనబడితే కోసి కుక్కకు వెయ్యి, ఆ తర్వాతే తక్కెడ ముట్టు అని. అది కూడా చాటుగా కాదు, జనం చూస్తుండగా వెయ్యాలి. రాజు గాడు తినడం కళ్లారా చూశాకే మంగి కార్జం అడుగుతుంది. ఈ సంతలో నాకున్న పేరు ఆ నియమం వల్ల వచ్చింది. ఇప్పుడు నువ్వేమో ఆ నియమమే నాకు రోగం తెచ్చిందంటున్నావు. చెడ్డ సరుకు అమ్మినవాడు హాయిగా ఉన్నాడు, అమ్మనివాడి పొట్టలో మారేడు కాయ. ఇదేం న్యాయం?

నీకు చిన్నప్పటి నుంచీ ఈ గుణం ఉంది. పదేళ్ల పిల్లవి, నేను అర కిలో తూచి ఇస్తుంటే "ఇరవై గ్రాములు తక్కువుంది మామా" అని బిజ్జా ముందు, జనం ముందు అన్నావు. నిజమే, తక్కువే ఉంది. బిజ్జా నాతో పాటు ముప్పై ఏళ్లుగా మేకలు కోస్తున్నాడు, ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతాడు. నువ్వు దిద్దకుండా వదిలిన మాట ఈ భూమ్మీద ఒకటి చూపించు.

సరే, పోట్లాట పక్కన పెట్టు. ఆలస్యం అంతా సరుకు లేకపోవడం వల్లే అని నాకనిపించింది. ఎలుకలు చిన్నవి, వాటి తిత్తులెంతుంటాయి? అందుకని ఈ నెలలో దొరికిన ఆరు మంచి తిత్తుల్ని ఉప్పూ పసుపూ పట్టించి, ఊరగాయ సీసాలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి హైదరాబాద్ బస్సులో పంపాను. అక్కడ తెలిసినవాళ్లు కొరియర్‌లో వేస్తారు. ఆ సీసా తీసుకున్నందుకు మీ అత్త రెండు రోజులు నాకు ఊరగాయ వడ్డించలేదు. మీ సార్‌కు చెప్పు, ఇంకా కావాలంటే పంపుతాను. తొందరగా కానివ్వమను.

మామ

*

పుణె,
22 జూలై 2024

మామా,

సీసా చేరింది. కొరియర్ ఆయన దాన్ని చెయ్యి బారు చాపి పట్టుకొని తెచ్చాడు. గేటు దగ్గర ముగ్గురు సంతకాలు పెడితే కానీ లోపలికి రానివ్వలేదు. మా సార్ గుడ్డ విప్పి, వాసన చూసి, "ఇది మీ ఊళ్లో తింటారా?" అని అడిగారు. ఎవరు పంపారో, ఎందుకు పంపారో లాబ్ అందరి ముందు చెప్పాల్సి వచ్చింది.

ఉప్పులో పురుగు బతకదు మామా. ఆరు తిత్తుల్లో ప్రాణంతో ఉన్నది ఒక్కటీ లేదు. "మనం మూడు నెలలు కష్టపడి మూడో వంతు తగ్గించాం, మీ మామ ఊరగాయ పెట్టి మొత్తం చంపేశారు" అని సార్ నవ్వారు. నేను అక్కడ నవ్వలేదు. బాత్రూంలోకి వెళ్లి నవ్వాను, తర్వాత అక్కడే ఏడ్చాను. ఒక్క దుకాణంలో, ఒక్క నెలలో ఆరు తిత్తులు. అవన్నీ మామూలుగా అయితే రాజు పొట్టలోకి పోయేవి.

న్యాయం గురించి అడిగావు. నీ నియమం మంచిదే. కుక్కకు వేయడం ఒక్కటే తప్పు. లోతుగా గుంట తీసి పాతిపెట్టు, అది కూడా జనం చూస్తుండగానే చెయ్యి. తాత కూడా కాదనడు.

నువ్వు తొందరపెడుతున్న పరిశోధన సంగతి కూడా విను. రెండో విడత ఎలుకలకు మందు మొదలుపెట్టి ఆరు వారాలైంది. పోయిన వారం మందు తింటున్న వాటిలో మూడు చచ్చిపోయాయి. తిత్తి వల్ల కాదు. ఊపిరితిత్తుల్లో చీము పట్టింది. మామూలు ఎలుక తట్టుకునే జబ్బే, వీటికి కాపలా లేదు కాబట్టి పోయాయి. శుభ్రమైన గదిలో, వడపోసిన గాలిలో ఉంచిన ఎలుకలవి.

ఇన్ని రాశాను, నువ్వు మాత్రం జగదల్‌పూర్ అన్న మాట ఎత్తవు. తేదీ రాయి. తేదీ రాయి. తేదీ రాయి.

నవీన

*

ఎర్రబోరు,
5 ఆగస్టు 2024

నవీనకు,

మూడు చచ్చాయని రాశావు. ఎన్ని బతికాయో రాయలేదు. పద్నాలుగులో మూడు తీసేస్తే పదకొండు. నేను చదువుకున్నది పదో తరగతే, తీసివేత వచ్చు.

కొంటాలో బట్టల దుకాణం ప్రవీణ్‌కుమార్ నీకు గుర్తున్నాడా? నీ పరికిణీలన్నీ అక్కడివే. అతనికి ఐదేళ్ల క్రితం కిడ్నీ మార్చారు. మొన్న బట్టలకు పోయినప్పుడు మాటల్లో అడిగాను. నువ్వు చెప్పే మందే రోజూ వేసుకుంటున్నాడు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, మోటార్ సైకిల్ మీద సుక్మా పోయి వస్తాడు. ఈ మధ్య వాళ్ల డాక్టరు ఆ రకం మార్చి వేరే రకం రాశాడట. పాత మాత్రలు నాలుగు అట్టలు మిగిలాయి. వద్దు వద్దంటూనే నా మొండితనం పడలేక ఇచ్చాడు.

నిన్నటి నుంచి మాత్రలు మొదలయ్యాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దుకాణం వెనక గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీస్తున్నాను. లెక్క తప్పదు.

వానలు బాగా పడుతున్నాయి. శబరి గట్ల దాకా నిండుగా పారుతోంది. ఎర్రబోరులో సగం మందికి జ్వరాలు. మీ అత్త నీకు మునగాకు పొడి చేసింది, ఎవరైనా వస్తే పంపుతుంది.

మామ

*

పుణె,
13 ఆగస్టు 2024

మామా,

నీ ఉత్తరం చేతికొచ్చిన గంటలో పదకొండు సార్లు ఫోన్ చేశాను. ఆపేసి ఉంది. మీ పక్క దుకాణానికి చేస్తే "మీ మామ ఫోన్ తియ్యనని ఒట్టు వెట్టుకున్నడమ్మా" అన్నారు. ఒట్టు! సగం ఊరికి జ్వరమని నువ్వే రాశావు. ఆ ఊళ్లో, ఆ వానలో, ఒంటి కాపలాను చేతులారా పడుకోబెట్టుకుంటావా? ప్రవీణ్‌కుమార్ గారికి నెలనెలా రక్త పరీక్షలు చేస్తారు. ఏ చిన్న జ్వరమొచ్చినా ఆయన డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. నీకేముంది? గోడా, బొగ్గూ.

ఆయనకు కూడా రాశాను. మర్యాదగా రాద్దామనుకున్నాను, కుదరలేదు. అత్తకు ఈ ఉత్తరం చదివి వినిపించు. అత్తా, ఆ అట్టలు ఎక్కడున్నా తీసి పొయ్యిలో వెయ్యి. మామ అరిస్తే అరవనీ.

మామా, నీకు ఎట్లా చెప్తే ఎక్కుతుందో నాకు తెలియడం లేదు. కోపంతో చెప్పాను, లెక్కలతో చెప్పాను. అమ్మ పోయాక నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని ఎర్రబోరు తీసుకొచ్చావు. నాకు తొమ్మిదేళ్లు. ఇంటికొచ్చాక ఇంత కార్జం వేయించి పెట్టి, "తిను, ఇది నీ ఇల్లే" అన్నావు. అప్పటి నుంచి నాకు నాన్నంటే నువ్వే. ఇప్పుడు రోజూ పొద్దున ఎలుకల్ని పట్టుకొని వాటి గొంతులో ఆ మందే పోస్తున్నాను. పట్టు జారి నిన్న ఒకటి కరిచింది కూడా. నేను ఏప్రిల్‌లో గొప్పలు చెప్పుకోకపోతే నువ్వు ఎప్పుడో ఆపరేషన్ చేయించుకొని ఉండేవాడివి. నీకేమైనా అయితే అది నా నోటి వల్లే అయినట్టు.

ఈ విడత అయ్యేదాకా ఎలుకల్ని వదిలి రాలేను, మందు ఒక్క రోజు తప్పినా మొత్తం పాడవుతుంది. అది కూడా పాడవనీ అనిపిస్తోంది. ఈ ఉత్తరానికి జవాబు రాకపోతే అన్నీ వదిలేసి బయలుదేరతాను.

మాత్రలు ఆపెయ్యి. కాళ్లు పట్టుకుంటాను.

నవీన

*

ఎర్రబోరు,
22 ఆగస్టు 2024

నవీనకు,

ముందు ఏడుపు ఆపు. ఆ మాత్రలు నేను ఒక్కటి కూడా మింగలేదు. మేకలకు వేశాను.

ఈ సంగతి ముందే రాస్తే ఆపుతావని రాయలేదు. నువ్వు ఇంతగా హడలిపోతావని అనుకోలేదు, అది నా తప్పే. ప్రవీణ్‌కుమార్ నీ ఉత్తరం పట్టుకొని కొంటా నుంచి వచ్చి నాకు చూపించాడు. పాపం, ఆయన్ని అన్నేసి మాటలు అంటావా? తర్వాత వాళ్ల దుకాణానికి పోయినప్పుడు ఆయన మొహం చూడలేక రెండు టవళ్లు ఎక్కువ కొన్నాను. నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. సైకిల్ కడ్డీ దగ్గర ఆపేసి కాగితం మడిచాను. మిగతాది ఆమె అడగలేదు.

ఇక అసలు పని విను. పరీక్షలు పెట్టడం మీకేనా వచ్చేది? మంగికి మేకల మంద కూడా ఉంది కదా, అందులో నాలుగు ముసలివి కొన్నాను. ఆ మందలో ముసలి మేకను కోస్తే తిత్తి లేకపోవడం నేను చూడలేదు. రెండింటికి మాత్రలు ఆకులో చుట్టి పెట్టాను, రెండింటికి వట్టి ఆకు. నలభై మాత్రలు పది రోజుల్లో అయిపోయాయి. నాలుగింటికీ గోడ మీద వేరువేరు గీతలు. పోయిన సంత నాడు జనమంతా ఉండగా బిజ్జా కోశాడు. నాలుగు కార్జాలూ మోదుగాకుల మీద పరిచాను. మందు తిన్నవి ఎడమ పక్క, తిననివి కుడి పక్క.

"చూడుండ్రి, దాపరికం లేదు" అన్నాను.

మంగి వంగి చూసి లెక్కపెట్టింది. "గీ పక్క ఏడు, గా పక్క ఆరు. నీ కోడలి మందు తిత్తులను మేపుతున్నదా ఏంది?"

అందరూ నవ్వారు. బిజ్జా కత్తి తుడుచుకుంటూ, "గిట్లయితె ఇంక దేనికి జూస్తున్నవు నర్సన్నా? మందు ఓడిపోయె. సక్కగ జగదల్‌పూర్ పో" అన్నాడు.

"ఏం జేస్త మరి, పోక తప్పేటట్టు లేదు" అన్నాను.

మందు తిన్న మేకల మాంసం అమ్మలేదు. వాటినీ, మిగతా రెండింటి తిత్తుల్నీ నడుము లోతు గుంట తీసి పాతిపెట్టాం. జనం చూస్తుండగానే. రాజు గాడు రెండు రోజులు ఆ మట్టి దగ్గరే పడుకొని నన్ను తిట్టుకున్నాడు. పైన బండ పెట్టాను.

కాబట్టి నీ మందు నా పరీక్షలో ఓడిపోయింది. సెప్టెంబరు ఇరవైన జగదల్‌పూర్‌లో చేరుతున్నాను. డాక్టరు రాసిన పురుగు మాత్రలు ఇవాళే మొదలుపెట్టాను, ఇవి నేనే మింగుతున్నాను. నా పరీక్ష మీద నువ్వు అనేది ఏమైనా ఉంటే అంతకు ముందే రాయి.

మామ

*

పుణె,
4 సెప్టెంబరు 2024

మామా,

ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను.

నీ పరీక్ష గురించి చదివాను. దాని మీద నేను చెప్పేదేమీ లేదు. జగదల్‌పూర్ వెళ్లు.

పురుగు మాత్రలు అన్నం తిన్నాకే వేసుకో, కొంచెం నూనె తగిలిన కూరతో. సోనోగ్రఫీ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకో, వానలో తడుస్తాయి. బస్సులో వెనక సీట్లో కూర్చోవద్దు, ఆ రోడ్డు గుంతలకు పొట్ట అదురుతుంది. బీడీలు ఇవాళ్టి నుంచే మానెయ్యి. మత్తు ఇచ్చే డాక్టరుకు నీ చెవి సంగతి ముందే చెప్పు, లేకపోతే ఆయన అడిగినవాటికి నువ్వు తల ఊపేస్తావు. బిజ్జాకు దుకాణం అప్పజెప్పు. మేకను ఎత్తావని తెలిస్తే ఊరుకోను.

ఎలుకల విడత పదహారుకు అయిపోతుంది. పందొమ్మిదిన జగదల్‌పూర్ బస్టాండులో ఉంటాను, మీకంటే ముందే. అత్తకు ధైర్యం చెప్పు. ఆ ధైర్యంలో కాస్త నాకూ పంపించు.

ఆ గీతల గోడకు సున్నం వెయ్యొద్దు.

నవీన

*

ఎర్రబోరు,
16 అక్టోబరు 2024

నవీనకు,

నువ్వు తిరిగి వెళ్లి పన్నెండు రోజులైంది. కుట్లు ఎండాయి. దగ్గితే మాత్రం ప్రాణం పోతోంది, అందుకని దగ్గు వచ్చినప్పుడల్లా మీ అత్త దిండు పట్టుకొని పరుగెత్తి వస్తుంది. సోనోగ్రఫీ మళ్లీ మూడు నెలలకు. బిజ్జా దుకాణం బాగానే చూస్తున్నాడు. నేను స్టూలు మీద కూర్చొని గుంట కాపలా కాస్తున్నాను. తిత్తి వస్తే జనం చూస్తుండగా గుంటలో వేసి సున్నం చల్లి మూస్తున్నాం. మొదటి వారం మంగి ముక్కు విరిచింది, ఇప్పుడు మట్టి వేశాకే కార్జం అడుగుతోంది. పశువుల డాక్టరు రాజు గాడికి మాత్ర వేశాడు. నేను తల నిమిరి చెయ్యి కడుక్కుంటుంటే వాడు అవమానపడినట్టు చూస్తున్నాడు.

ఆసుపత్రిలో నువ్వు పక్కనే ఉన్నా చెప్పలేకపోయిన మాట ఒకటుంది. నా మొహం చూస్తే చెప్పనివ్వవు, అందుకని రాస్తున్నాను.

పది రోజులు చాలవని నాకు తెలుసు. మీరు మూడు నెలలు ఇచ్చారని నువ్వే రాశావు. పద్నాలుగు ఎలుకలు, తూచిన బరువులు, అన్నీ రాశావు. నావి రెండు మేకలు, కంటి అంచనా. పైగా మందు పెట్టక ముందు వాటిలో ఎన్ని తిత్తులున్నాయో నాకేం తెలుసు? నెమరు వేసే పొట్టలో ఆ మాత్ర ఏమైపోయిందో కూడా తెలియదు. ఆ పరీక్షను నేనే నమ్మలేదు.

మరెందుకు పెట్టానంటే, నా కోడలి మందు వస్తుంది, అప్పటిదాకా కత్తి ముట్టనివ్వను అని సంతంతా చెప్పుకున్నాను. ఏమీ జరగకుండా పోయి ఆసుపత్రిలో పడుకుంటే నర్సయ్యవి ఉత్త మాటలే అంటారు. అదొకటి. రెండోది, భయం. కత్తి ఎంత తేలిగ్గా దిగుతుందో రోజూ చూసేవాడి భయం నీకు తెలియదు. తిత్తి పగులుతుందని నువ్వు రాసిన రోజు నుంచి నేను మేకను ఎత్తలేదు, బిజ్జాకు నడుము నొప్పని అబద్ధం చెప్పాను. ఉండలేను, పోలేను. పోవడానికి నలుగురి ముందు ఒక కారణం కావాలి. అందుకని సంతలో నీ మందును ఓడించాను. నీ పేరు పోగొట్టి నా పరువు కాపాడుకున్నాను.

అంతా చేశాక కూడా ఒక దారి వదిలిపెట్టుకున్నాను. అందుకే పరీక్ష మీద ఏమైనా ఉంటే రాయమన్నాను. నువ్వు ఊరుకోవు కదా. పది రోజులేంటి, రెండు మేకలేంటి అని నాలుగు పేజీలు దిద్ది పంపుతావు. అది చూపించి, కోడలు ఒప్పుకోలేదు, ఇంకో ఆరు నెలలు చూద్దాం అని మళ్లీ ఆగిపోదామనుకున్నాను. పోస్టు కోసం రోజూ ఎదురుచూశాను.

నీ ఉత్తరం వచ్చింది. చెప్పేదేమీ లేదని రాశావు. ఇరవై గ్రాములకు నన్ను వదలని పిల్లవి. ఆ తప్పులన్నీ నీకు కనబడ్డాయి, మూడు కాగితాలు చించావు, అయినా నోరు మూసుకున్నావు. నా కోసం నువ్వెంత భయపడుతున్నావో నాకు అప్పుడు తెలిసింది. అన్ని ఉత్తరాల్లో నువ్వు ఏడ్చినా తెలియలేదు. సమ్మక్కను పిలిచి సంచి సర్దమన్నాను.

మీ రెండో విడత సంగతి రాయి. ఎలుకలు ఎన్ని బతికాయో కూడా రాయి.

ఇక ఫోన్ చెయ్యొచ్చు. వచ్చే సంత నాడు, పొద్దున తొమ్మిదింటికి, దుకాణం ముందు జనమంతా ఉన్నప్పుడు చెయ్యి. నా మేకల పరీక్షలో ఎన్ని తప్పులున్నాయో ఒక్కొక్కటే చెప్పు, ఏదీ వదలకు. స్పీకర్‌లో పెడతాను.

మామ